తలుపుల్లో నీళ్లున్న కారు

పైకప్పులు కారకుండా చూడటం ఆయన వృత్తి. వీధిలో అందరూ లీకులాయన అంటారు. శుభలేఖల మీద కూడా అలాగే రాసి పంపుతారు, ఆయన ఏమీ అనుకోడు. ఎక్కడ స్లాబు పగిలినా, ఎవరింటి గోడ చెమ్మగిల్లినా ఆయనకే కబురు. ఒక నల్ల డబ్బా, చిన్న తాపీ, జుట్టు ఊడిపోయిన బ్రష్షు పట్టుకుని మెట్లెక్కుతాడు, దిగేసరికి ఆ కప్పు మరి కారదు. ఆయన మూసిన పగులు మళ్లీ తెరుచుకున్న దాఖలా లేదు.

చిక్కేమిటంటే పని అయిపోయినా ఆ గుణం ఆయన్ని వదిలేది కాదు. కన్నం కనబడితే చేతులు ఊరుకోవు. బాత్‌రూమ్ వెంటిలేటర్ మూసేశాడు. పూలకుండీల అడుగున ఉండే చిల్లులు పూడ్చేసి వదిన ముచ్చటపడి పెంచుకుంటున్న మొక్కల్ని వరసగా కుళ్లబెట్టాడు. ఉత్తరాల డబ్బాకి చీలిక ఎందుకని దాన్నీ మూసేస్తే, పోస్టుమాన్ కొన్నాళ్లపాటు ఉత్తరాల్ని కిటికీలోంచి విసిరాడు. వంటింట్లో జల్లెడ వంక ఆయన చూసే చూపు కనిపెట్టి వాళ్లమ్మ దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసుకుంది. ఒకసారి చుట్టాలింట్లో ఎవరో వేణువు వాయిస్తుంటే అందరూ తలలూపుతూ విన్నారు, ఈయన ఒక్కడూ కుర్చీలో ఇబ్బందిగా కదులుతూ కూర్చున్నాడు. ఇన్ని మూసినవాడు తన నోరు మాత్రం ఎందుకు తెరిచి ఉంచుతాడు? కప్పుల సంగతి తప్ప ఇంకేదైనా ఆయన మాట్లాడగా ఇంట్లో ఎవరూ ఎరగరు.

ఆ నోరు తెరుచుకునే చోటు ఒక్కటే ఉంది. అది ఆయన భార్య కారు.

కారు ఆవిడకి పుట్టింటి నుంచి వచ్చింది. వాళ్ల నాన్నకి కళ్లజోళ్ల షాపు ఉండేది. ఆయన పోయాక షాపూ కారూ రెండూ ఈవిడే చూసుకుంటోంది. మీగడ రంగు, గుండ్రటి లైట్లు, ముసలి కారు. డ్రైవింగు ఆవిడదే. లీకులాయనకి స్టీరింగు పట్టుకోవడం రాదు, నేర్చుకుంటానని ఎప్పుడూ అననూ లేదు. పొద్దున భర్తని డబ్బాలతో సహా పని దగ్గర దింపి షాపుకి వెళ్తుంది, సాయంత్రం వచ్చేటప్పుడు ఎక్కించుకుంటుంది. ఇంటి ముందు కారు ఆపాక మాత్రం ఇద్దరూ దిగరు. అద్దాలు పైకెత్తుకుని చీకటి పడేదాకా అందులోనే కూర్చుంటారు.

దానికి కారణం ఉంది. ఇల్లు ఉమ్మడి ఇల్లు. వాళ్ల గదికీ అన్నగారి గదికీ మధ్య ఉన్నది గోడ కాదు, ప్లైవుడ్ చెక్క. ఈ పక్క ఈవిడ నిట్టూరిస్తే ఆ పక్క నుంచి బావగారు "గ్యాస్ అయ్యుంటుంది, సోడా తాగమను" అని తమ్ముడికి సలహా ఇస్తాడు. అందుకని ఇంట్లో ఇద్దరూ ఉప్పు గురించీ తాళంచెవుల గురించీ మాత్రమే మాట్లాడుకునేవారు. కారులో కూర్చుంటే అలా కాదు. ఇంట్లో భర్తని మీరు అనే మనిషి కారు తలుపు పడగానే నువ్వు అనేది. ఆయన కూడా అక్కడ ఇంకో మనిషి అయిపోయేవాడు, నవ్వేవాడు, వాదించేవాడు, కప్పు బాగుచేయించుకుని కూలి డబ్బులివ్వకుండా మొహం తిప్పుకున్న వాళ్లని పేరుపేరునా తిట్టేవాడు. వాళ్ల కాపురం ఇంట్లో కాదు, కారులో అని వీధిలో నవ్వుకునేవాళ్లు. అందులో అబద్ధమేమీ లేదు.

ఆ కారులోనే ఆవిడ ఒక మాట అడిగింది. "మనం వేరే ఇల్లు చూసుకుందాం. చిన్నదైనా సరే. మీ అమ్మ మీద గానీ అక్కయ్య మీద గానీ నాకేం కోపం లేదు. వేసుకోవడానికి నాకో తలుపు కావాలి, అంతే."

"తప్పకుండా. ఇవాళే అమ్మతో చెప్తాను," అన్నాడాయన.

ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. ఏ వీధిలో చూడాలో, ఎన్నో అంతస్తులో ఉండాలో కూడా అక్కడికక్కడే తేల్చేశాడు. తర్వాత కారు దిగాడు, గడప దాటాడు. అమ్మ తలెత్తి, "ఇంతసేపూ ఏం చేస్తున్నార్రా అందులో?" అంది.

"ఏం లేదమ్మా. బ్రేకు చూస్తున్నాం."

మర్నాడూ అంతే. ఆ పై ఏడాదీ అంతే. ఆవిడ అడుగుతూనే ఉంది, ఆయన సరేనంటూనే ఉన్నాడు, కారు దిగగానే బ్రేకు చూస్తూనే ఉన్నారు. అంత శ్రద్ధగా చూసుకున్న బ్రేకు ఆ చుట్టుపక్కల ఏ కారుకీ ఉండి ఉండదు.

ఇలా సాగుతుండగా ఓ రోజు పొద్దున సిగ్నల్ దాటుతూ ఆవిడ కాలు కిందికి దిగబడింది. రబ్బరు చాప ఎత్తి చూస్తే కారు నేలని తుప్పు తినేసి అరచెయ్యంత చిల్లు పడి ఉంది. పాదాల కింద రోడ్డు పరిగెడుతోంది. ఆవిడ కారు పక్కకి ఆపి, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

"వానలు తగ్గగానే దీనికి ఫిట్‌నెస్ తనిఖీ ఉంది. ఇలా చూశారంటే పాత ఇనుముకి పంపించేస్తారు," అంది.

కారు పోతే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. షాపుకి వెళ్లడానికి బస్సులున్నాయి, డబ్బాలు మొయ్యడానికి రిక్షాలున్నాయి. మాట్లాడుకోవడానికే ఇంకో చోటు లేదు.

కారుని టింకరింగ్ మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన కుళ్లిన రేకంతా కోసి పారేసి, కొత్త రేకు వేసి వెల్డింగ్ చేసి ఇచ్చాడు. తక్కిన తుప్పు గీకి ప్రైమర్ వేయించమన్నాడు. వాళ్లు బయల్దేరేముందు చెప్పాడు, "తలుపుల అడుగున చిన్న చిన్న కన్నాలుంటాయండీ. మట్టి చేరి పూడుకుపోయాయి. ఓ పుల్ల పెట్టి తియ్యండి."

లీకులాయన దారి పొడుగునా మొహం గంటు పెట్టుకుని కూర్చున్నాడు. ఇంటి ముందు కారు ఆగాక అన్నాడు, "ఇన్నేళ్లుగా కన్నాలు మూసి బతుకుతున్నవాణ్ణి నేను. కన్నాలు తెరవమని నాకు చెప్తాడా?"

"ఆయన కార్ల మేస్త్రీ కదా," అంది ఆవిడ.

"నీళ్లు నీళ్లే. కప్పు మీద పడితే ఒకటీ, కారు మీద పడితే ఇంకొకటీ కాదు. తక్కిన పని నేనే చేస్తాను."

చేశాడు. ఉన్నమాట చెప్పుకోవాలి, సగం పని అద్భుతంగా చేశాడు. సీట్లు ఊడదీశాడు. వైరు బ్రష్షుతో తుప్పు రాల్చి, ఎమెరీ కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్దాడు. థిన్నరు గుడ్డతో తుడిచి, ఏ పూట రుద్దింది ఆ పూటే రెడాక్సైడ్ ప్రైమర్ పట్టించాడు. ఒక్క రాత్రి ఊరికే వదిలేస్తే మెరిసే ఇనుమే మళ్లీ ఎర్రబడుతుందని ఆయనకి తెలుసు. దాని మీద రంగు, కారు అడుగంతా తారు పూత. చక్రాల పైన బురద పేరుకునే మూలలు కూడా కడిగి, ఆరబెట్టి పూత వేశాడు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు.

తలుపుల అడుగున కన్నాలు కనబడ్డాయి. మేస్త్రీ చెప్పినవే. లీకులాయన కాసేపు వాటివంక చూశాడు. ఎవడో మతిలేని వాడు ఫ్యాక్టరీలో కావాలని పెట్టిన కన్నాలు. నల్ల డబ్బా మూత తీశాడు. తలుపులవి మూశాడు, డిక్కీవి మూశాడు, నేలలో రబ్బరు బిరడాలున్న చోట బిరడాల మీద కూడా మెత్తాడు. తలుపు అద్దం కిందికి దిగే సందు కూడా మూయబోతుంటే భార్య వచ్చి చెయ్యి పట్టుకుంది.

"అద్దం దించుకోవద్దా?"

ఆ సందు ఒక్కటి అయిష్టంగా వదిలేశాడు. వాన నీళ్లు తలుపులోకి దిగేది ఆ సందులోంచేననీ, దిగిన నీళ్లు పోవడానికే అడుగున కన్నాలు పెట్టారనీ ఆయనకి తట్టలేదు. నీళ్లు వచ్చే దారి వదిలేశాడు, పోయే దారికి సీలు వేశాడు.

పని పూర్తయ్యాక ఇంటిల్లిపాదీ చూస్తుండగా గొట్టంతో కారు మీద నీళ్లు కొట్టించాడు. లోపల కూర్చున్న అన్నగారు చుక్క పడలేదని చెయ్యూపాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అన్నగారు బయటికి రాబోతే తలుపు రాలేదు, గట్టిగా తోస్తే బిరడా ఊడిన చప్పుడు చేసి తెరుచుకుంది. అప్పట్నుంచి ఆ కారులో నాలుగో తలుపు వెయ్యాలంటే ఎవరో ఒకరు అద్దం దించాల్సిందే. లేకపోతే గాలికి పోవడానికి చోటు లేక అందరికీ చెవులు గళ్లు పడేవి. లీకులాయనకి మాత్రం అదే యోగ్యతాపత్రంలా అనిపించింది. "చూశావా," అన్నాడు భార్యతో. ఆవిడ చెవిలో వేలు పెట్టుకుని చూసింది.

వానలు మొదలయ్యాయి. ఓ సాయంత్రం మలుపు తిరుగుతుంటే తలుపులో గలగలమంది.

"పెట్రోలు," అన్నాడు లీకులాయన.

"పెట్రోలు వెనకాల ఉంటుంది. ఇది నా మోచెయ్యి పక్కన ఉంది."

బ్రేకు వేస్తే నాలుగు తలుపుల్లోనూ నీళ్లు ఒక్కసారిగా ముందుకి కొట్టుకుని, మళ్లీ వెనక్కి వచ్చాయి. కారు ఆగినా ఆ చప్పుడు ఆగలేదు. లీకులాయన మొహం పాలిపోయింది. లోపలికి నీళ్లు వస్తున్నాయంటే ఎక్కడో ఇంకా కన్నం ఉందన్నమాట. ఆ రాత్రే ఇంకో పూత వేశాడు. వారం తిరిగేసరికి చప్పుడు పెరిగింది, ఆయన ఇంకో పూత వేశాడు. కారు బరువెక్కి గతుకుల్లో నిండు బిందె నెత్తిన పెట్టుకున్న మనిషిలా జాగ్రత్తగా నడిచేది. వదిన దాంట్లో ఎక్కితే కళ్లు తిరుగుతున్నాయనేది. భార్య మాత్రం ఇంటి గురించి అడుగుతూనే ఉంది. ఆయన సరేనని, గడప దాటాక నీళ్లు నమిలేవాడు.

ఆ రోజుల్లోనే వీధిలో దోమలు విపరీతమయ్యాయి. మున్సిపాలిటీ నుంచి దోమలాయన వచ్చాడు. పొడుగు కర్రకి గరిటె, మెడలో టార్చిలైటు, లోకం మీద నమ్మకం పోయిన మొహం. అందరి తొట్లూ చూశాడు, కూలర్లు వంచి చూశాడు, పాత టైర్లు ఏరేశాడు. నీళ్లు లేవు, దోమలు ఉన్నాయి. రోజూ వచ్చేవాడు, రోజూ తల వేలాడేసుకుని పోయేవాడు. చివరికి ఓ ఆదివారం మధ్యాహ్నం అలసిపోయి లీకులాయన కారుకి ఆనుకుని నిలబడ్డాడు. లోపల ఏదో కదిలింది.

ఆయన తలుపుకి చెవి ఆనించాడు. వేలితో కొట్టాడు. తర్వాత నింపాదిగా, ఇంట్లోవాళ్లు వినేట్టు, "అమ్మా, మీ కారు తలుపులో చెరువుందండీ," అన్నాడు.

వీధి వీధంతా చేరింది. లీకులాయన పరిగెత్తుకొచ్చి తలుపుకి అడ్డం నిలబడ్డాడు. దోమలాయన మర్యాదగా ఆయన్ని పక్కకి జరిపి, కింద కూర్చుని, స్క్రూడ్రైవరుతో నల్లటి సీలు పొడిచాడు. సీలు గట్టిది, అంత తేలిగ్గా లొంగలేదు. అది ఊడినప్పుడు మాత్రం ధార మొదలైంది, ఎంతకీ ఆగలేదు. అద్దం దిగే సందులోంచి లోపలికి దారి కనిపెట్టిన దోమలు అక్కడ హాయిగా కాపురాలు పెట్టుకున్నాయి, వాటి పిల్లలు మెలికలు తిరుగుతూ రోడ్డు మీదికొచ్చాయి. ఎదురింటావిడ ఆ నీళ్లు వాకిట్లోకి రాకుండా చీపురుతో తోసింది. దోమలాయనకి ప్రాణం లేచి వచ్చింది. నోటీసు తీసి, నీరు నిలవ ఉన్న స్థలం అన్న చోట "డ్రైవరు పక్క తలుపు" అని రాసి, తృప్తిగా చూసుకుని, మిగతా తలుపుల పని పట్టాడు.

లీకులాయనకి తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ల పేరు వీధి కాలవలో కొట్టుకుపోయింది. అయితే అసలు దెబ్బ ఇంకా చూడలేదు. నీళ్లన్నీ పోయాక ఆయన తలుపు అడుగున వేలు పెట్టి నొక్కితే వేలు లోపలికి వెళ్లింది. నానిన అట్టముక్కలో దిగినట్టు దిగింది. బయట ఆయన వేసిన పూత చెక్కుచెదరలేదు, లోపల ఇనుము లేదు.

తనిఖీ రోజున ఇన్‌స్పెక్టరు చేతిలో చిన్న సుత్తి ఉంది. మెత్తటి మనిషి, సుత్తితో కూడా మెత్తగానే తట్టాడు. మొదటి తలుపు కింది అంచు ఊడి ఆయన బూటు మీద పడింది. రెండో తలుపు తట్టే ధైర్యం చెయ్యలేదు.

"ఇది తలుపు కాదండీ, తారు. ఈ తారు గీకేస్తే ఇక్కడ కారు ఉండదు. నీళ్లు కారడం లేదు, ఆ విషయంలో మీకు నూటికి నూరు. కానీ ఆ మార్కులు వెయ్యడానికి మా దగ్గర చోటు లేదు," అన్నాడు. ఆయన ఎగతాళిగా అనలేదు. కారు ఇక రోడ్డెక్కకూడదనీ, అక్కడే వదిలిపెట్టి వెళ్లమనీ చెప్పి, తాళంచెవి కోసం చెయ్యి చాపాడు.

ఆవిడ తాళంచెవి ఇవ్వలేదు. కారెక్కి కూర్చుని తలుపు వేసుకుంది. లీకులాయన కూడా పక్క సీట్లో కూర్చున్నాడు. వెనకాల వరసలో ఉన్న కార్లు హారన్లు కొట్టాయి. ఇన్‌స్పెక్టరు కాసేపు చూసి, ఏమనుకున్నాడో, వాళ్లని పక్కనుంచి వెళ్లమని చెయ్యి ఊపి తను అటు తిరిగి నిలబడ్డాడు.

"నా తప్పే. మేస్త్రీ చెప్తే విన్నాను కాదు. మీ నాన్న కారు పాడుచేశాను," అన్నాడు లీకులాయన.

"నేను కారు కోసం ఏడవడం లేదు."

ఆవిడ నిజంగానే ఏడుస్తోంది. ఆ సంగతి ఆయన అప్పుడే చూశాడు.

"ఇన్నేళ్లూ సరే, సరే అన్నావు. నువ్వన్న సరేలన్నీ ఇందులోనే ఉండిపోయాయి. ఒక్కటైనా తలుపు దాటి బయటికొచ్చిందా? ఇప్పుడు ఇదీ పోతోంది. రేపట్నుంచి నువ్వు నాతో ఉప్పు గురించి మాట్లాడతావు. నేను ఉందో లేదో చెప్తాను. అలా ముసలివాళ్లం అయిపోతాం."

కారులో ఆయనకి మాట రాకపోవడం అదే మొదటిసారి. ఆవిడ కళ్లు తుడుచుకుని, దిగి, తాళంచెవి ఇన్‌స్పెక్టరు చేతిలో పెట్టింది.

బస్సులో ఇంటికొచ్చారు. దారిలో ఒక్కసారి ఆయన గొంతు సవరించుకున్నాడు గానీ ముందు సీటులో ఇద్దరు, వెనక సీటులో ముగ్గురు చెవులు రిక్కించడం చూసి ఊరుకున్నాడు.

హాలు ఎప్పటిలాగే సంతలా ఉంది. అన్నగారు టీవీలో ఆట చూస్తున్నాడు, టీవీలో జనం గోల పెడుతున్నారు. వదిన వంటింట్లో మిక్సీ వేస్తోంది. అమ్మ నేల మీద కూర్చుని ఆరిన బట్టలు మడతపెడుతోంది. కారు పోయిందని తెలిసి అన్నగారు వాళ్ల వైపు తిరక్కుండానే, "పోనీలేరా, తుప్పు ముక్క," అన్నాడు. ఆవిడ ప్లైవుడ్ గదిలోకి వెళ్లిపోయింది.

లీకులాయన హాలు మధ్యలో నిలబడ్డాడు. మామూలుగా అయితే ఇలాంటప్పుడు మేడ మీదికెళ్లి కప్పు చూసి వస్తాడు. కాళ్లు అటే లాగాయి కూడా. భయమేసింది. ఇన్నేళ్ల భయం అది, ఎందుకు భయమో చెప్పమంటే చెప్పలేడు. అమ్మ ఏనాడూ ఆయన్ని గట్టిగా కసిరిన మనిషి కాదు.

"అమ్మా, మేం వేరే ఇల్లు చూసుకుంటాం," అన్నాడు.

మిక్సీ తిరుగుతూనే ఉంది. అమ్మ దుప్పటి మడత ఆపలేదు.

"ఏమన్నావురా?"

ఏం లేదమ్మా అనే మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చేసింది. బ్రేకు చూశామని చెప్పడానికి కారు లేదు. ఆయన చొక్కా అంచు గుప్పిట్లో పట్టుకుని, టీవీనీ మిక్సీనీ దాటి వినబడేట్టు, తనకే గుర్తుపట్టడానికి రాని గొంతుతో అరిచాడు.

"మేం వేరే ఇల్లు చూసుకుంటాం అన్నాను."

సరిగ్గా ఆ క్షణంలోనే వదిన మిక్సీ ఆపింది. మాట వీధి చివరిదాకా వెళ్లింది. అన్నగారు టీవీ కట్టేశాడు. బయట చీపురు చప్పుడు కూడా ఆగింది. ప్లైవుడ్ గది గుమ్మంలోకి భార్య వచ్చి, చెక్క పట్టుకుని నిలబడింది.

అమ్మ కొడుకుని ఎగాదిగా చూసింది.

"మొదటిసారే వినబడిందిరా. మళ్లీ అడిగితే అదే మాట చెప్తావా, మింగేస్తావా అని అడిగాను."

లీకులాయనకి సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. అన్నగారు ఏదో అనబోతే అమ్మ చెయ్యెత్తి ఆపింది. మడతపెట్టిన బట్టల్లోంచి చిన్నకొడుకు చొక్కాలు ఒక్కొక్కటీ వేరు చేసి, చిన్నకోడలి చీరల మీద పెట్టి, ఆ దొంతర ఆమె చేతికిచ్చింది.

"ఇల్లు చూడ్డానికి వెళ్లేటప్పుడు నన్నూ తీసుకెళ్లమ్మా. వీడు కప్పు తప్ప ఇంకేం చూడడు," అంది.